మంత్రశక్తి గల గ్రీకు వెండి నాణేలు కొనవచ్చా?

మీ ప్రశ్న సారాంశం ఇది. పైథాగరస్ స్వయంగా రూపొందించిన క్రోటన్ నాణెమని, ధ్యానంలో చేతిలో ఉంచుకుంటే శక్తినిస్తుందని చెప్పి ఒకరు మీకు ఒక పురాతన గ్రీకు వెండి నాణెం అమ్మజూపుతున్నారు. ఏథెన్స్ దగ్గరి ఎలూసిస్‌లో జరిగిన రహస్య దీక్షల నాటి వెండి నాణెం కూడా తమ దగ్గర ఉందంటున్నారు. ఈ రెండింటితో సేకరణ మొదలుపెట్టవచ్చా అని అడిగారు.

ఆ రెండూ కొనకండి. మొదటిది అసలైన నాణెమే కావచ్చు, కాని దానికి తగిలించిన కథకు ఆధారం లేదు. రెండోదాని వివరణలోనే తప్పుంది. ఎలూసిస్ పేరుతో వెలువడినవి కంచు నాణేలు, వెండివి కావు. ఈ సంగతి తెలియనివారైనా, తెలిసి దాచినవారైనా, అలాంటి మనిషి దగ్గర కొనడం క్షేమం కాదు.

సేకరణ కోరిక మాత్రం వదులుకోవద్దు. గ్రీకుల రహస్య ఆరాధనలకు నిజంగా సంబంధించిన వెండి నాణెం ఒకటి ఉంది. దాని పేరు సిస్టోఫోరస్. మధ్యతరగతి జీతగాడు కూడా ఏడాదిలో ఒకటి కొనుక్కోగల ధరలో దొరుకుతుంది. నన్నడిగితే అక్కడే మొదలుపెట్టండి. కారణాలు కింద వివరంగా రాస్తున్నాను.

నేను మ్యూనిక్‌లో ఇరవై రెండేళ్లుగా ఉంటున్నాను. ఇక్కడ పురాతన నాణేల వేలాలు తరచూ జరుగుతాయి. వేలానికి ముందు నాణేలను చేతితో పట్టుకుని చూడనిస్తారు. నేను నేర్చుకున్నదంతా ఆ బల్లల ముందు కూర్చుని, భూతద్దంతో నేర్చుకున్నదే. అక్కడ ఒంటపట్టిన నియమం ఒకటుంది. నాణెం మీద గ్రీకులు చెక్కినది చదవాలి, పక్కన అమ్మకందారు రాసిన కాగితం తరువాత చూడాలి. దేవతలు, పాములు, దివ్యపీఠాలు, పవిత్రమైన మొక్కలు నాణేల మీద నిజంగానే ఉన్నాయి. అవి ఆ నగరం నమ్మిన దైవానికి గుర్తులు. కాని నాణెం నాణెమే. దానితో సైనికుడికి జీతమిచ్చారు, ధాన్యం కొన్నారు. లోహంలో శక్తి ఉందని చెప్పి అమ్మేవాళ్లను మన తెలుగు రాష్ట్రాల్లో చాలాకాలంగా చూస్తూనే ఉన్నాం. బియ్యపు గింజలను లాగే రైస్ పుల్లింగ్ చెంబులు, ఇరిడియం నాణేలు అంటూ ఎన్ని కుటుంబాలు డబ్బు పోగొట్టుకున్నాయో పత్రికల్లో చదివే ఉంటారు. "ధ్యానశక్తి గల గ్రీకు నాణెం" అన్న మాట వినగానే నాకు అవే గుర్తొచ్చాయి.

ఇప్పుడు క్రోటన్ సంగతి. ఇది లోతైన విషయం, కొంచెం ఓపికగా చదవండి.

క్రోటన్ దక్షిణ ఇటలీలో గ్రీకులు స్థాపించిన నగరం. ఈనాటి క్రొటోనె. సామోస్ దీవి నుంచి పైథాగరస్ అక్కడికి చేరింది సుమారు క్రీ.పూ. 530లో. దాదాపు ఆ కాలంలోనే ఆ ప్రాంతపు నగరాలు ఒక విచిత్రమైన నాణెం ముద్రించడం మొదలుపెట్టాయి. ముందువైపు బొమ్మ ఉబ్బెత్తుగా ఉంటుంది. వెనక్కి తిప్పితే అదే బొమ్మ లోపలికి గుంట పడి కనిపిస్తుంది. రెండు వైపులా కొలతలు దాదాపు అచ్చంగా సరిపోతాయి. క్రోటన్ నాణెం మీద బొమ్మ డెల్ఫీలోని అపోలో దేవుడి మూడు కాళ్ల పీఠం. బరువు 8 గ్రాములకు కాస్త అటూ ఇటూ. తొలి నాణేలు వెడల్పుగా, అప్పడంలా పలుచగా ఉంటాయి. కాలం గడిచేకొద్దీ చిన్నవిగా, మందంగా మారాయి.

ఉబ్బెత్తు, గుంట అనే ఈ జోడీని పైథాగరస్ శిష్యుల సిద్ధాంతంతో ముడిపెట్టారు. పరిమితం, అపరిమితం, బేసి, సరి, వెలుగు, చీకటి అని పది ద్వంద్వాల పట్టికను అరిస్టాటిల్ పైథాగరస్ అనుచరులకు ఆపాదించాడు. పైథాగరస్ తండ్రి రత్నాలు చెక్కేవాడని ఒక సంప్రదాయం కూడా ఉంది. రత్నం మీద గుంటగా చెక్కితే మైనం మీద ఉబ్బెత్తుగా పడుతుంది కదా! ఈ రెండూ కలిపి, ఈ నాణేలను రూపొందించింది పైథాగరస్సే అని 19వ శతాబ్దం నుంచి కొందరు పండితులు ఊహించారు. వినడానికి ఎంతో బాగుంటుంది. నేనూ కొన్నేళ్లు నమ్మాను.

చిక్కేమిటంటే, ఇలాంటి నాణేలు క్రోటన్ ఒక్కటే ముద్రించలేదు. వెనక్కి తిరిగి చూస్తున్న ఎద్దుతో సిబరిస్, బార్లీ కంకితో మెటపోంటమ్, నిలుచున్న అపోలోతో కౌలోనియా కూడా అదే పద్ధతిలో ముద్రించాయి. సిబరిస్ అయితే క్రోటన్‌కు బద్ధశత్రువు. క్రీ.పూ. 510లో క్రోటన్ సైన్యమే దాన్ని నేలమట్టం చేసింది. శత్రునగరం, అదీ బహుశా పైథాగరస్ రాకముందు నుంచే, ఆయన తాత్త్విక చిహ్నాన్ని తన డబ్బు మీద ఎందుకు వేసుకుంటుంది? ఈ ప్రశ్నకు ఆ సిద్ధాంతం దగ్గర సరైన జవాబు లేదు. అందుకే నేటి పరిశోధకులు చాలామంది దాన్ని అంగీకరించరు.

అయినా ఆ నాణెం విలువ తగ్గదు. పైథాగరస్ ఆ నగరంలో తిరిగిన రోజుల్లో ఆ వీధుల్లో చెలామణి అయిన డబ్బు అది. నాకు ఆ మాట చాలు, ఆ మాట నిజం కూడా. నా దగ్గరున్న క్రోటన్ నాణేన్ని పగటి వెలుగులో ఏటవాలుగా పట్టుకుంటే, గుంటలోని పీఠం కాళ్లు ఒక్కోసారి ఉబ్బెత్తుగా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. అది చూడటానికే నెలకోసారి బయటికి తీస్తాను.

ఎలూసిస్ గురించి క్లుప్తంగా. ఆ రహస్య దీక్షలు ఏథెన్స్‌కు సమీపంలో పంటల దేవత డెమీటర్, ఆమె కూతురు పెర్సెఫొనీ పేరిట జరిగేవి. లోపల చూసినది బయట చెప్పడం మహాపరాధం. క్రీ.పూ. 415లో ఆల్సిబయాడీస్ అంతటి నాయకుడే, ఆ దీక్షలను ఇంట్లో అనుకరించి అపవిత్రం చేశాడన్న నింద మోయవలసి వచ్చింది. అందువల్ల నాణేల మీద ఆ రహస్యం బొమ్మగా దొరకదు. ఎలూసిస్ కంచు నాణేల మీద ఒక వైపు పాముల రథంలో ట్రిప్టోలెమస్ (డెమీటర్ దగ్గర సేద్యం నేర్చుకున్న వీరుడు), మరో వైపు పందిపిల్ల ఉంటాయి. దీక్ష తీసుకునేవారు బలి ఇచ్చేది పందిపిల్లనే. వేలికొన మీద పట్టే చిన్న నాణెం, ధర కూడా తక్కువే. డెమీటర్ మీద మక్కువ ఉంటే దాన్ని కంచుగానే కొనండి. వెండి అయితే మెటపోంటమ్ బార్లీ కంకి నాణెం చూడండి. పైథాగరస్ చివరి రోజులు ఆ ఊళ్లోనే గడిచాయని సంప్రదాయం.

ఇక నేను సిఫారసు చేసే సిస్టోఫోరస్. ఈ పేరుకు అర్థం "బుట్ట మోసేది". ముందువైపు ఐవీ తీగ దండ, దాని మధ్యలో మూత వాల్చిన ఒక బుట్ట, అందులోంచి బయటకు పాకుతున్న పాము. అది డయోనైసస్ దేవుడి రహస్య ఆరాధనల్లో వాడే పవిత్రమైన పెట్టె. లోపల ఏముందో దీక్ష పొందినవారికే తెలుసు. వెనుకవైపు చుట్టలు చుట్టుకున్న రెండు పాములు, వాటి నడుమ అంబులపొది. పక్కన ఏ నగరం ముద్రించిందో తెలిపే చిన్న అక్షరాలు ఉంటాయి. పెర్గమాన్, ఎఫిసస్, ట్రాలెస్, అపమియా వంటి నగరాలు దీన్ని వేశాయి. ఇవన్నీ నేటి పశ్చిమ టర్కీలోనివి.

దీన్ని ప్రవేశపెట్టింది క్రీ.పూ. రెండో శతాబ్దంలో పెర్గమాన్‌ను ఏలిన అట్టాలిడ్ రాజులు. డయోనైసస్ వారి వంశాన్ని నడిపించే దైవం. నాణెం మీద రాజు ముఖం లేదు, పేరు లేదు, దేవుడి బుట్ట మాత్రమే ఉంది. దీని వెనుక గట్టి ఆర్థిక లెక్క కూడా ఉంది. సిస్టోఫోరస్ బరువు సుమారు 12.6 గ్రాములు. బయటి ప్రపంచంలో నాలుగు డ్రాక్మాల నాణెం (డ్రాక్మా అంటే గ్రీకుల వెండి డబ్బు ప్రమాణం) 17 గ్రాములకు దగ్గరగా ఉండేది. అంటే దాదాపు మూడు డ్రాక్మాల వెండితో చేసిన నాణేన్ని రాజ్యం లోపల నాలుగు డ్రాక్మాలుగా చెలామణి చేశారు. తక్కువ వెండి ఉన్న ఆ నాణేన్ని బయటికి తీసుకుపోతే నష్టం, కాబట్టి అది దేశం దాటేది కాదు. భక్తి, ఖజానా ఒకే బిళ్ల మీద ఇంత పక్కపక్కన కనిపించే నాణెం నాకు మరొకటి తెలియదు. రాజ్యం క్రీ.పూ. 133లో రోమ్ చేతికి పోయాక కూడా ఈ ముద్ర ఆగలేదు. రోమన్ వక్త సిసిరో ఆ పక్కనున్న సిలీషియాకు గవర్నరుగా ఉన్నప్పుడు ఆయన పేరుతోనూ ఇవి వెలువడ్డాయి. అవి మాత్రం చాలా అరుదు, మనబోటివారికి అందవు.

నా మొదటి సిస్టోఫోరస్ ఎఫిసస్‌ది. పాము తల అరిగిపోయింది, బుట్ట అల్లిక మాత్రం స్పష్టంగా ఉంది. మామూలు నాణ్యత ఉన్నవి ఇక్కడి వేలాల్లో రెండు మూడు వందల యూరోలకు పోవడం తరచూ చూస్తాను. క్రోటన్ నాణెం మంచి స్థితిలో ఉంటే దానికి ఎన్నో రెట్లు అవుతుంది.

మరికొన్ని నాణేల గురించి వరుసగా చెబుతాను. నల్లసముద్రపు ఒడ్డున అపోలోనియా నగరం వేసిన చిన్న డ్రాక్మా మీద నాలుక చాచిన గోర్గాన్ అనే రాక్షసి ముఖం ఉంటుంది. చెడును భయపెట్టి తరిమే ముఖం. మన ఇళ్ల ముందు కట్టే దిష్టిబొమ్మ చేసే పనే అదీ చేసేది. సిస్టోఫోరస్ కన్నా చవక, అందుకే దీనికి నకిలీలూ ఎక్కువే. ఏథెన్స్ గుడ్లగూబ నాణెం అందరికీ తెలుసు. మనకు గుడ్లగూబ కూత కీడు. ఏథెన్స్ వాసులకు అది ఎథీనా దేవి పక్షి, విజయానికి శకునం. దాని వెనుక ఉన్న నెలవంకకు రకరకాల రహస్యార్థాలు చెబుతారు, అన్నీ ఊహలే. పైగా గత కొన్నేళ్లలో ఈ నాణేలు పెద్ద సంఖ్యలో మార్కెట్లోకి వచ్చాయి. దాన్ని "అతి అరుదైనది" అని అమ్మేవారిని నమ్మకండి.

సిసిలీలోని సెలినస్ నాణేన్ని మాత్రం ఇలా తేల్చేయలేను. ఒక వైపు నదీదేవుడు బలిపీఠం ముందు తర్పణం వదులుతుంటాడు, పీఠం దగ్గర కోడిపుంజు. మరో వైపు రథంలో అపోలో, ఆయన సోదరి ఆర్టెమిస్. అపోలో బాణం వేస్తుంటాడు. మురికి నది వల్ల ఆ ఊళ్లో మహమ్మారి వ్యాపిస్తే, తత్త్వవేత్త ఎంపిడొక్లీస్ సొంత ఖర్చుతో మరో రెండు నదుల నీటిని అందులోకి మళ్లించి జనాన్ని కాపాడాడని, వాళ్లు ఆయనకు దేవుడికి మొక్కినట్టు మొక్కారని తత్త్వవేత్తల జీవితచరిత్రలు రాసిన ప్రాచీన రచయిత డయోజినీస్ లయర్షియస్ రాశాడు. ఆ సంఘటనకు ఈ నాణెం గుర్తు అని చాలాకాలం నమ్మారు. ఇప్పుడు అనుమానాలున్నాయి. బాణం వేసే అపోలో రోగాన్ని తెచ్చేవాడూ, పోగొట్టేవాడూ కూడా. అందుకే నేను ఆ పాత నమ్మకం వైపే కొంచెం మొగ్గుతాను. కొనే స్తోమత నాకు లేదు. మ్యూజియంలో చూసి తృప్తిపడ్డాను.

"కేరన్ పడవ రుసుము" అంటూ అమ్మే ఒబోల్‌లనే చిన్న వెండి నాణేల విషయంలోనూ జాగ్రత్త. కేరన్ అంటే చనిపోయినవారిని పరలోకపు నది దాటించే పడవవాడు. చనిపోయినవారి నోట్లో నాణెం ఉంచే ఆచారం గ్రీకులకు నిజంగానే ఉంది. మనవాళ్లు నుదుటి మీద రూపాయి బిళ్ల పెట్టడం తెలిసినదే కదా. అయితే దానికోసం ప్రత్యేకంగా నాణెం ముద్రించలేదు, జేబులో ఉన్న చిల్లరే వాడారు. సమాధి తవ్వకంలో దొరికినట్టు రికార్డు ఉంటే తప్ప, ఫలానా ఒబోల్ శవం నోట్లో ఉన్నదని ఎవరూ చెప్పలేరు. రికార్డు ఉన్న నాణెం మ్యూజియంలో ఉండాలి, సంతలో కాదు.

నకిలీలు. నేను మోసపోయిన సంగతి చెబుతాను, మీకు ఉపయోగపడుతుంది. ఇక్కడికి వచ్చిన రెండో ఏడాది ఒక సంతలో క్రోటన్ నాణెం కొన్నాను. ఒక నెల జీతంలో సగం పోయింది. ఇంటికొచ్చి అంచు చుట్టూ భూతద్దంతో చూస్తే సన్నని గీత ఒకటి గుండ్రంగా సాగింది. రెండు ముక్కల మూసలో పోతపోసిన గుర్తు అది. పురాతన నాణెం సుత్తితో ముద్ర కొట్టింది, దానికి అలాంటి అతుకు ఉండదు. మూడు నెలల తరువాత మరో బల్ల మీద అదే నాణెం కనిపించింది. అదే చోట అదే గాటు, అదే చోట అదే అరుగుదల. ఒకే అచ్చుతో కొట్టిన నాణేలు రెండు ఉండవచ్చు. ఒకేలా అరిగిన, ఒకేలా గాటు పడిన నాణేలు రెండు ఉండవు. అమ్మినవారు డబ్బు తిరిగి ఇవ్వలేదు. ఆ నాణేన్ని నేను పారేయలేదు. కొత్త నాణెం కొనేముందు ప్రతిసారీ దాన్ని పక్కన పెట్టుకుని పోల్చి చూస్తాను.

అనుభవం ఒక్కటే కాపాడదు. 2012 జనవరిలో న్యూయార్క్‌లో పేరున్న ఒక సేకర్త, సిసిలీ నుంచి కొత్తగా దొంగచాటుగా తవ్వి తెచ్చినవని తాను నమ్మిన నాణేలను అమ్మబోయి అరెస్టయ్యాడు. తరువాత ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరీక్షిస్తే అవన్నీ నకిలీలని తేలింది. అంతటివాడి కన్నే మోసపోయింది. ఇది కొత్త వృత్తీ కాదు. రెండు వందల ఏళ్ల కిందట జర్మనీలో బెకర్ అనే చెక్కుడు పనివాడు గ్రీకు నాణేలకు సొంతంగా అచ్చులు చేసి, కొట్టిన నాణేలను ఇనుప రజనుతో కలిపి బండి కింద పెట్టెలో వేసుకుని తిరిగేవాడట, పాతవిగా కనిపించేందుకు.

మీరు ఇంట్లో చేయగలిగినవి ఇవి: 0.01 గ్రాము చూపే త్రాసుతో తూచండి. అంచు చూడండి. ఉపరితలం మీద పోత బుడగల గుంటలున్నాయేమో చూడండి. దారంతో నీటిలో వేలాడదీసి సాంద్రత లెక్కించండి. స్వచ్ఛమైన వెండికి అది 10.49. రాగి మీద వెండి పూత అయితే అంకె బాగా పడిపోతుంది. పూత నాణేలు ఆ కాలంలోనే దొంగలు చేసినవి కూడా ఉన్నాయి కాబట్టి అంకె తగ్గినంత మాత్రాన అది ఈ కాలపు నకిలీ అనుకోనక్కరలేదు. ఇవన్నీ దాటినా నిర్ధారణ అయినట్టు కాదు. ఆఖరి మాట చేయి తిరిగిన నిపుణుడిదే.

పూర్వచరిత్ర కాగితాలు అన్నిటికన్నా ముఖ్యం. ఎవరి దగ్గర ఉండేది, ఏ వేలంలో అమ్ముడైంది, ఏ ఏడాది? అది లేని నాణెం దొంగ తవ్వకాల సొత్తు కావచ్చు. దొంగ తవ్వకం అంటే చరిత్ర పుట చింపడమే. ఏ సమాధిలో, ఏ కుండలో, ఏ నాణేల పక్కన ఉందో ఇక ఎప్పటికీ తెలియదు. కాగితం ఉన్నా సరిచూడండి. సీజర్ హత్యకు గుర్తుగా బ్రూటస్ ముద్రించిన బంగారు నాణెం ఒకటి 2020లో లండన్ వేలంలో రికార్డు ధర పలికింది. దాని పూర్వచరిత్ర కల్పితమని తేలి 2023లో అది గ్రీసుకు తిరిగి వెళ్లింది. నా దగ్గరి పెర్గమాన్ నాణెం ఫొటోను 1960ల నాటి ఒక వేలం పట్టికలో, గ్రంథాలయంలో నాలుగు శనివారాలు కూర్చుని వెతికి పట్టుకున్నాను. ఆ సాయంత్రం కలిగిన సంతోషం నాణెం కొన్నరోజు కూడా కలగలేదు.

టర్కీ, గ్రీసు యాత్రలకు వెళితే శిథిలాల దగ్గర ఎవరు చూపినా కొనకండి. నకిలీ అయితే డబ్బు పోతుంది, అసలుదైతే విమానాశ్రయంలో జైలుపాలవుతారు. భారతదేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు. వ్యక్తులు దాన్ని దేశం బయటికి పంపకూడదు. బయటినుంచి తెప్పించేముందు కస్టమ్స్ సుంకం సంగతి విచారించుకోండి.

మీరు హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి ఇంకొక దారి చెప్పాలి. గ్రీకు నాణెం మన దగ్గరికే వచ్చింది. 1970లో అఫ్గానిస్తాన్‌లోని ఐ ఖానుమ్ తవ్వకాల్లో అగతోక్లీస్ అనే గ్రీకు రాజు వెండి డ్రాక్మాలు ఆరు దొరికాయి. ఒక వైపు గ్రీకు లిపి, మరో వైపు బ్రాహ్మీ. బొమ్మల్లో ఒకరి చేతిలో నాగలి, మరొకరి చేతిలో చక్రం. బలరామకృష్ణులే! అవి క్రీ.పూ. రెండో శతాబ్దానివి. ఇలాంటిది ఎవరైనా అమ్ముతామంటే నకిలీ అనో, దొంగసొత్తు అనో అనుకుని తప్పుకోండి. అలాగే 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో క్షత్రప రాజు నహపాణుడి వెండి నాణేలు పదమూడు వేలకు పైగా దొరికాయి. వాటి మీద గ్రీకు అక్షరాల లేఖనం ఉంది. తొమ్మిది వేలకు పైగా నాణేల మీద మన శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర తిరగకొట్టించాడు. గ్రీకు అక్షరాల మీద శాతవాహన ముద్ర! ఇంతకన్నా మనకు దగ్గరి గ్రీకు జాడ ఏముంటుంది? చేతిలో గ్రీకు రాజు మినాండర్ డ్రాక్మా పట్టుకున్నా అదే అనుభూతి. బౌద్ధ భిక్షువు నాగసేనుడిని ప్రశ్నలడిగిన మిలిందుడు ఆయనే. బరువు రెండున్నర గ్రాములలోపు, ధర అపోలోనియా నాణేనికి దగ్గరగానే ఉంటుంది.

ఏది కొన్నా చింతపండుతో, విభూతితో తోమకండి. మా పెద్దమ్మ ఏటా దీపావళి లక్ష్మీపూజకు ముందు విక్టోరియా రూపాయలను చింతపండుతో తోమేది. ఇప్పుడు రాణి ముక్కు లేదు. పురాతన వెండి మీది నల్లటి పొర శతాబ్దాలుగా ఏర్పడినది. అది పోతే సగం విలువ పోతుంది, తిరిగి రాదు. మెత్తటి మామూలు ప్లాస్టిక్ సంచుల్లోనూ పెట్టవద్దు, పచ్చటి జిగురు పడుతుంది. తేమ ఎక్కువ ఉన్న ఊరైతే పెట్టెలో సిలికా జెల్ పొట్లం వేయండి.

మీ అమ్మకందారుకు తిరిగి ఫోను చేసి మూడు విషయాలు అడగండి. కచ్చితమైన బరువు ఎంత, 2000 సంవత్సరానికి ముందు ఆ నాణెం ఎవరి దగ్గర ఉంది, నకిలీ అని తేలితే ఎన్నేళ్ల తరువాతైనా డబ్బు తిరిగి ఇస్తామని రాసిస్తారా? జవాబులు వస్తే ఇక్కడ పెట్టండి. రెండు వైపుల ఫొటోలతో పాటు అంచు ఫొటో కూడా, నాలుగు దిక్కుల నుంచి.